చెక్ లైట్ వెలిగింది, తాళం ఎవరి దగ్గరుంది?

కిందటి నెల విజయవాడ ఆటోనగర్‌లోని మా కార్ల రిపేరు షెడ్డుకు ఒక పెట్రోలు కారు వచ్చింది. ఐడిలింగ్‌లో వణుకుతోంది, మీటర్ బోర్డు మీద చెక్ లైట్ వెలుగుతోంది. అప్పటికే వేరేచోట చూపించారు. బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్ చదివే స్కానర్ పెడితే ‘పీ 0171’ అని కోడ్ వచ్చిందట. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ పోయిందని కొత్తది వేశారు. వారం తిరక్కుండానే లైట్ మళ్లీ వెలిగింది. ఈసారి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మార్చాలన్నారు. ఓనరు ఆ బిల్లులన్నీ చేత్తో పట్టుకుని వచ్చి, ‘మేస్త్రి గారూ, ఇంకా ఎంత పెట్టాలో మీరే చెప్పండి’ అన్నారు.

ఇంజన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ వెళ్తున్నాయని ఆ కోడ్‌కు అర్థం. ఎందుకు అలా వెళ్తున్నాయో కోడ్ చెప్పదు. ఆక్సిజన్ సెన్సర్ ఆ కబురు మోసుకొచ్చింది, కబురు తెచ్చినవాణ్ని తీసేశారు. బానెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా చెవి దగ్గరపెట్టి విన్నాను. సిలిండర్లకు గాలి పంచే ఇంటేక్ మానిఫోల్డు వెనక సన్నగా ‘సుయ్’మంటోంది. ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి అందులోకి పంపే పీసీవీ గొట్టం అడుగున, వేలికి తప్ప కంటికి అందని చోట రబ్బరు చీలింది. ఆ చీలిక మీద వేలు నొక్కిపెట్టగానే ఇంజన్ కుదుటపడింది. మా కుర్రాడు స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకె, అంటే కంప్యూటర్ అదనంగా కొడుతున్న పెట్రోలు లెక్క చూస్తున్నాడు, అది మెల్లగా దిగుతూ వచ్చింది. ఆ గొట్టం ఖరీదు సెన్సర్ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు.

కొత్త కార్ల గురించి జనం రెండు మాటలు అంటున్నారు. షెడ్డు మేస్త్రీల కాలం అయిపోయిందని ఒకటి. స్కానర్ ఉంటే ఎవరైనా రిపేరు చేయొచ్చని ఇంకొకటి. పాతికేళ్లకు పైగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, రెండూ తప్పే. చెవికీ చేతికీ ఉన్న విలువ పోలేదు. స్కానర్ లేకుండా పని జరగదన్నదీ నిజమే. మా షెడ్లను చంపుతున్నది టెక్నాలజీ కాదు. రిపేరుకు కావలసిన సమాచారానికి తాళం వేసి, ఆ తాళం కంపెనీల దగ్గరే పెట్టుకోవడం చంపుతోంది.

నేను పనిలో చేరినప్పుడు మా మేస్త్రి ఆరు నెలలపాటు నా చేత సామాను కడిగించారే తప్ప పానా పట్టనివ్వలేదు. ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గులు విప్పి రంగు చూడమన్నారు. ఇటుకపొడి రంగులో ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటే టాపెట్ చప్పుడేదో బేరింగ్ చప్పుడేదో విడివిడిగా వినపడేది. 1960ల్లో పుట్టిన ఈ ఆటోనగర్ దశాబ్దాలపాటు ఇలాంటి చెవుల మీదే బతికింది. ఇక్కడ కట్టిన లారీ బాడీలు దేశమంతా తిరుగుతున్నాయి.

తర్వాత గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్ పోయి, కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ వచ్చింది. డీజిల్‌లో పాత పంపు పోయి, గట్టి ఒత్తిడితో డీజిల్‌ను ఇంజెక్టర్లకు పంచే కామన్ రైల్ వచ్చింది. బండ్ల పొగకు పెట్టిన భారత్ స్టేజ్ (బీఎస్) పరిమితుల్లో దేశమంతటికీ 2010లో బీఎస్-3, 2017లో బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమల్లోకి వచ్చాయి. మధ్యలో బీఎస్-5ను వదిలేసి దూకేశారు. ఆ దూకుడు ఎంతటిదో బయటివాళ్లకు తెలియదు. లారీ టైరులో ఉండే గాలి ఒత్తిడి ఎనిమిది బార్ చిల్లర. కామన్ రైల్‌లో డీజిల్ రెండు వేల బార్ దాకా వెళ్తుంది. ఇంజెక్టర్ లోపలి భాగాల మధ్య సందు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది. ఆరుబయట, లారీలు లేపే దుమ్ములో ఆ పైపు విప్పామంటే ఇంజెక్టర్‌ను మన చేత్తో మనమే పాడుచేసినట్టు.

బీఎస్-6 డీజిల్ కార్లలో మాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు డీపీఎఫ్‌ది. పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ అది. మసి నిండాక దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి ఇంజన్ దాన్ని తనే కాల్చేసుకుంటుంది. అందుకు బండి ఆగకుండా, ఒకే తీరున కొంతసేపు నడవాలి. బెంజి సర్కిల్ నుంచి గవర్నర్‌పేట, అక్కడి నుంచి పటమట, సాయంత్రానికి ఇల్లు. ఇలా రోజూ నాలుగైదు కిలోమీటర్ల ముక్కలుగా తిరిగే బండికి ఆ అవకాశమే రాదు. మసి కాల్చడం మొదలవుతుంది, ఈలోపు ఇంజన్ ఆపేస్తారు. కాల్చడానికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. చాలామంది ఇది చూసి, ఆయిల్ తాగని బండి అని సంతోషిస్తారు. నిజానికి ఆయిల్ పలచబడి బేరింగులు అరుగుతుంటాయి.

అలాంటి బండి నా దగ్గరకు వస్తే నేను చెప్పేది ఒకటే. వారానికోసారి గుంటూరు వైపో ఏలూరు వైపో హైవే ఎక్కండి, అరగంట నిలకడగా నడపండి, మసి కాలే లైటు వెలుగుతుంటే ఇంజన్ ఆపకండి. ఆయిల్ కూడా డీపీఎఫ్‌కు సరిపడే తక్కువ బూడిద రకమే పోయించండి. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. డీపీఎఫ్ కోసి తీసేసి, సాఫ్ట్‌వేర్‌లో దాన్ని లేనట్టు చేసేవాళ్లు ఉన్నారు. అది చట్ట విరుద్ధం. అంతకు మించి, ఆ పొగ పీల్చేది మన ఊరి పిల్లలే. మా షెడ్డులో ఆ పని చెయ్యం, చేయమని వచ్చినవాళ్లను తిప్పి పంపాం.

తప్పులు మావైపూ ఉన్నాయి, దాచను. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, బండ్లు వేడెక్కుతాయి. పాతకాలం నుంచి మాలో చాలామందికి ఒక అలవాటు ఉంది. ఇంజన్ నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ వాల్వు పీకేసి, ‘ఇక హీటవ్వదు సార్’ అనడం. కార్బురేటర్ బండికి అది ఎలాగో సరిపోయింది. ఇప్పటి ఇంజన్‌లో ఆ వాల్వు తీస్తే నీళ్ల వేడి పెరగదు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ కొడుతూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చెమ్మ చేరుతుంది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడమూ అంతే. ఆ నీళ్లలోని ఉప్పు అల్యూమినియం హెడ్డును లోపల్నుంచి తినేస్తుంది. కూలెంట్, శుద్ధి చేసిన నీళ్లు కొలత ప్రకారం కలిపి పోయడం పెద్ద ఖర్చేమీ కాదు. నేర్చుకున్నదాన్ని వదిలిపెట్టడం కొత్తది నేర్చుకోవడం కంటే కష్టం. ఆ కష్టం మేం పడాల్సిందే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. వరద తగ్గాక వరసగా ట్రక్కుల మీద వాటిని తెచ్చారు. తలుపు తీస్తే బురద, కుళ్లిన స్పాంజి వాసన. వాటిలో కొన్నింటిని ఓనర్లు నీళ్లు తగ్గీ తగ్గకముందే స్టార్ట్ చేసి చూశారు. సిలిండర్‌లో చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్‌ను మోసే కనెక్టింగ్ రాడ్లు వంగిపోయాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా బ్యాటరీ విప్పి, ప్లగ్గులు తీసి, ఇంజన్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపితే చాలావరకు ఇంజన్ దక్కుతుంది. అది తెలియక చేసిన పనికి ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ లేని పాలసీలో డబ్బు రావడం కూడా కష్టమే. ఎయిర్ ఫిల్టర్ తడిసిందా, ఇక తాళంచెవి తిప్పొద్దు.

అయితే ఆ వరదలో నాకు బాగా అర్థమైంది ఇంకొకటి. పాత బండి మునిగితే ఆయిళ్లు దింపి, డిస్ట్రిబ్యూటర్ ఆరబెట్టి, డైనమో విప్పి కడిగితే మూడు నాలుగు రోజుల్లో రోడ్డెక్కేది. ఇప్పటి బండిలో కార్పెట్ కింద, సీట్ల కింద, డ్యాష్‌బోర్డు వెనక కంప్యూటర్ డబ్బాలుంటాయి. ఆరబెట్టి ఇచ్చిన రెండు మూడు నెలలకు కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుం పట్టి, ఒకరోజు అద్దం దిగదు, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. డబ్బా మారుద్దామంటే కొత్త డబ్బాకు ఆ బండి చాసిస్ నంబరు ఎక్కించాలి, తాళంచెవిని పరిచయం చేయాలి. దానికి కంపెనీ సర్వర్ ఒప్పుకోవాలి. మా చేతిలో సామాను, మనిషి, పని ఉన్నాయి. పాస్‌వర్డ్ లేదు.

ఇదేదో పెద్ద పనులకే అనుకోకండి. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న కార్లలో వెనక బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి కూడా చాలావాటిలో ముందు స్కానర్‌తో బ్రేక్ పిస్టన్‌ను వెనక్కి రప్పించాలి. అది లేదని సీ-క్లాంపు పెట్టి నొక్కితే లోపలి మోటారు పోతుంది. కామన్ రైల్ ఇంజెక్టర్ మార్చితే దాని తలమీద చెక్కిన కోడ్‌ను కంప్యూటర్‌కు ఎక్కించాలి. తయారీలో వచ్చే వెంట్రుకవాసి తేడాను చెప్పే కోడ్ అది. ఎక్కించకపోతే బండి తడబడుతుంది, పొగ కక్కుతుంది. మంచి మల్టీబ్రాండ్ స్కానర్‌కు లక్ష రూపాయల పైనే పెట్టాలి, ఏటా అప్‌డేట్‌కు మళ్లీ కట్టాలి. అంత పెట్టి కొన్నా, కొత్త మోడళ్లు కొన్నింటిలో అనుమతి లేదని తెర మీద వచ్చి ఆగిపోతుంది.

ఈ మాట నేనొక్కణ్నే అనడం లేదు. వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు కలిపి రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకు దొరక్కుండా చేయడం తప్పని, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదని చెప్పింది. కంపెనీలు పై కోర్టులకు వెళ్లాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, అందులో వాహనాలనూ చేర్చి, రిపేరు సమాచారం కోసం పోర్టల్ పెట్టింది. సమాచారం పెట్టాలని కంపెనీలను కట్టేసే చట్టం మాత్రం రాలేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఆ చట్టం చేసుకుంది. యూరప్‌లో బయటి మెకానిక్ కూడా రుసుము కట్టి, గంటకో రోజుకో లెక్కన కంపెనీ మాన్యువల్ చూసుకోవచ్చు. ఉచితంగా అడగడం లేదు మేం. డబ్బు కడతాం, తలుపు తీయండి అంటున్నాం.

సమాచారం అందరికీ ఇస్తే దొంగలు కార్లు ఎత్తుకుపోతారని కంపెనీలు అంటాయి. అందులో నిజం లేకపోలేదు. తాళంచెవి ప్రోగ్రామింగ్ ఊళ్లో ప్రతివాడి చేతిలో ఉండకూడదు. అందుకే మెకానిక్ వివరాలు తనిఖీ చేసి, గుర్తింపు ఇచ్చి, ఎవరు ఏ బండికి ఏం చేశారో నమోదయ్యేలా పెట్టండి. దొంగతనం సంగతి, సరైన తాళంచెవి ఉంటేనే ఇంజన్‌ను స్టార్ట్ కానిచ్చే ఇమ్మొబిలైజర్‌కు వర్తిస్తుంది, బ్రేక్ ప్యాడ్లకు ఎలా వర్తిస్తుంది?

పెట్రోలు మారిన సంగతి కూడా ఒక మాట. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత బండ్ల ఓనర్లు రోజూ అడుగుతున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, చెమ్మనూ పీల్చుకుంటుంది. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతానికి సర్దిన కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. భయపడి బండి అమ్ముకోవాల్సిన పని లేదు. పెట్రోలు గొట్టాలు, రబ్బరు ఓరింగులు ఏటా చూపించుకోండి, నెలల తరబడి నిలబెట్టే బండిలో ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి.

ఎలక్ట్రిక్ బండి విషయంలో నా భయం వేరు. ఆయిల్, ప్లగ్గులు, క్లచ్ ఉండవు. సస్పెన్షన్ బుష్‌లు, టైర్లు, ఏసీ, బ్రేకులు, బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ ఉంటాయి. కాబట్టి పని పోదు. మనిషి పోవచ్చు. నారింజ రంగు కేబుళ్లలో మూడు, నాలుగు వందల వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. బ్యాటరీ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్గు తీసి, కరెంటు దాచుకునే కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, మీటరుతో సున్నా అని తేల్చుకున్నాకే ముట్టుకోవాలి. వెయ్యి వోల్టులకు తట్టుకునే గ్లౌజులు వేసుకోవాలి. ఇవి తెలియని పదిహేడేళ్ల కుర్రాడు, ‘బ్యాటరీయే కదన్నా’ అని చెయ్యి పెడితే ఏమవుతుందో తలుచుకుంటే నిద్ర పట్టదు. మా వీధిలో చాలామంది కుర్రాళ్లకు ఐటీఐ సర్టిఫికెట్ లేదు. వాళ్లు చదువు మానేసి పనిలోకి వచ్చినవాళ్లు. రెండేళ్ల కోర్సుకు వెళ్లమంటే ఆ రెండేళ్లు ఇంటికి జీతం ఎవరు తెస్తారు? సాయంత్రం పూట, షెడ్డు కట్టేశాక, తెలుగులో చెప్పే క్లాసు కావాలి.

ఈ చిక్కులన్నింటికీ ఆటోనగర్‌లో పాత దారే ఉంది. సిలిండర్ బోరింగ్ మెషిన్ ప్రతి షెడ్డులోనూ ఎప్పుడూ లేదు. నాజిల్ టెస్టింగ్ బెంచీ లేదు, క్రాంక్ గ్రైండింగ్ లేదు. ఇంజన్ దింపినవాడు బ్లాకును రిక్షాలో వేసుకుని బోరింగ్ షాపుకు వెళ్లేవాడు, పని చేయించుకుని తెచ్చుకునేవాడు. ఒకరి మెషిన్ మీద పాతిక షెడ్లు బతికాయి. ఇవాళ ప్రోగ్రామింగ్‌కూ అలాంటి షాపే కావాలి. నలభై షెడ్లు కలిస్తే కంపెనీ సమాచారానికి కట్టే రుసుము ఒక్కొక్కరి మీద భారం కాదు. ఒక స్కానర్ గది, దుమ్ము రాని ఇంజెక్టర్ గది, రబ్బరు మ్యాట్ పరిచిన ఎలక్ట్రిక్ బే, గోడకు వేలాడే గ్లౌజులు ఉంటే మొదలుపెట్టొచ్చు. మా వరసలో పదకొండు షెడ్ల వాళ్లం ఈ మాట అనుకున్నాం. చోటు మా షెడ్డు వెనక ఉంది, మొదటి వాటా నేను కడతానన్నాను. పాస్‌వర్డ్ ఇవ్వాల్సినవాళ్లు ఇంకా సరేననలేదు.