నాస్ డబ్బా, అమ్మ బీరపాదు

మా ఇంట్లో ఫోన్లన్నీ ఒకేసారి నిండిపోయాయి. పొద్దున్నే మా ఆవిడ ఫోను 'చోటు లేదు' అని మొదలెడితే, మధ్యాహ్నానికి నాది అందుకునేది. అమ్మ ఫోను నిండా శుభోదయాలే. అందులోంచి ఒక్క గులాబీ పువ్వు తీసేసినా ఊరుకోదు. "ఎవరో అభిమానంగా పంపారు కదరా" అంటుంది. నెలనెలా క్లౌడ్‌కి కడుతున్న డబ్బు చూసి ఓ రోజు నాకు పౌరుషం వచ్చింది. మన ఫొటోలు అద్దె కొంపలో ఉండటమేంటి? నాస్ కొంటానని ప్రకటించాను.

"నస ఇంట్లో ఉన్నదేగా, మళ్లీ డబ్బులు పెట్టి కొనడమెందుకు?" అంది మా ఆవిడ, నావైపే చూస్తూ.

నాస్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. చిన్న పెట్టె, లోపల హార్డ్‌డిస్కులు, వెనక నుంచి రౌటర్‌కి ఓ వైరు. ఇంట్లో ఎవరి ఫోనులోంచైనా అందులో ఫొటోలు దాచుకోవచ్చు, తీసి చూసుకోవచ్చు. ఈ నాలుగు ముక్కలూ తెలిస్తే చాలు, వెళ్లి కొనుక్కోవచ్చు. నేను మాత్రం దసరాకి ఎక్సెల్ షీటు తెరిచి, సంక్రాంతి దాకా మూయలేదు. పదకొండు మోడళ్లు, పంతొమ్మిది కాలమ్‌లు. పిల్ల పెళ్లికి కూడా ఇంత విచారించరని అమ్మ అంది. పెళ్లికొడుక్కి ఇన్ని స్పెసిఫికేషన్లు ఉండవు కదా మరి.

రెండు బేలా, నాలుగు బేలా అన్న దగ్గరే నెల గడిచింది. బే అంటే డిస్కు పెట్టే అర. తర్వాత రైడ్ (RAID) దగ్గర ఇరుక్కున్నాను, అంటే చాలా డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు ముగ్గురు కలిసి రాసి, 1988లో అచ్చేసిన ఓ పేపర్‌తో ప్రచారంలోకి వచ్చిన మాట ఇది. అందులో 'ఐ' అక్షరానికి మొదట 'ఇన్‌ఎక్స్‌పెన్సివ్' అని అర్థం, అంటే చవకైన డిస్కులని. తర్వాత దాన్నే 'ఇండిపెండెంట్' అనడం మొదలెట్టారు. డిస్కుల ధరలు చూశాక ఎందుకు మార్చారో నాకు బాగా అర్థమైంది.

రైడ్ 1 గురించి ఇంట్లో వాళ్లకి చెప్పడానికి ఆవకాయనే నమ్ముకున్నాను. "ఒకే ఆవకాయని రెండు జాడీల్లో పెట్టామనుకో. ఒకదానికి బూజు పట్టినా రెండోది ఉంటుంది. అందుకే నాలుగేసి టెరాబైట్ల డిస్కులు రెండు కొన్నా, మనకి దక్కేది నాలుగే."

అమ్మ కాసేపు ఆలోచించింది. "కలిపేటప్పుడే ఉప్పు తక్కువైతే?"

"అప్పుడు రెండు జాడీలూ పాడవుతాయి."

"మరి రెండో జాడీ ఎందుకురా?"

రైడ్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదని చెప్పడానికి నిపుణులు పేజీలకి పేజీలు రాస్తారు. మనం పొరపాటున ఓ ఫొటో చెరిపేస్తే, అది రెండు డిస్కుల్లోంచీ అదే క్షణంలో పోతుంది. అందుకే ఇంకో కాపీ ఇంకెక్కడో విడిగా ఉండాలి. ఇదంతా అమ్మ ఉప్పుతో తేల్చేసింది. షీటులో ఇరవయ్యో కాలమ్ చేర్చి 'బయటి డిస్కు' అని రాసుకున్నాను.

ఈ లోపు మా బావమరిది దిగాడు. వాడికి రాని విద్య లేదు, వచ్చిన విద్యా లేదు. "బావా, గిగాబిట్ పోర్టు ఉంటే చాలు. సెకనుకి ఒక జీబీ లాగేస్తుంది" అన్నాడు. చిన్న 'బి' అంటే బిట్, పెద్ద 'బి' అంటే బైటు, ఎనిమిది బిట్లయితే ఒక బైటు, కాబట్టి గిగాబిట్ అంటే కాగితం మీద సెకనుకి 125 మెగాబైట్లు, చేతికి వచ్చేది 110 దాకా అని నేను వివరంగా చెప్పాను. వాడు పూర్తిగా విని, "అదే కదా నేనూ అంటున్నది" అన్నాడు. బావమరుదులతో ఇదే బాధ.

శివరాత్రి ముందు డబ్బా వచ్చింది. అందరం చుట్టూ కూర్చున్నాం. థర్మోకోల్ తీశాం, పెట్టె తీశాం, అడాప్టర్ తీశాం. గజంన్నర పొడవున నీలం వైరు ఒకటి జారి కిందపడితే పక్కకి నెట్టాను. పెట్టె తలుపు తెరిచి చూస్తే లోపల రెండు ఖాళీ అరలు.

"డిస్కులేవండీ?" అంది మా ఆవిడ.

డిస్క్‌లెస్ అన్నది షీటులో నాలుగో కాలమ్. పచ్చరంగు కూడా వేశాను. కానీ పదకొండు మోడళ్లకీ అదే మాట ఉండేసరికి, తేడా లేని కాలమ్ ఎందుకని నేనే దాచేశాను. "ఖాళీ బీరువాకి ఇంత పెట్టారన్నమాట" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. డిస్కులు రావడానికి ఇంకో వారం, ఇంకో పెద్ద బిల్లు.

పెట్టాక చూస్తే నాలుగు టెరాబైట్లు అనుకున్నది కంప్యూటర్లో 3.6గా కనపడింది. బావమరిది వెంటనే "మోసపోయావు బావా" అన్నాడు. మోసమేం కాదు. డిస్కు చేసేవాళ్లు వెయ్యి లెక్కన కొలుస్తారు, కంప్యూటరు 1,024 లెక్కన కొలుస్తుంది. నిజాంపేటలో ఫ్లాటు కొన్నవాడికి ఇది కొత్త కాదు. బ్రోచర్‌లో ఓ చదరపు అడుగుల లెక్క, లోపల టేపు పట్టుకుని నిలబడితే ఇంకో లెక్క. ఇక్కడ కనీసం లిఫ్టూ మెట్లూ మన డిస్కులో కలపలేదు.

మొదట దాన్ని పడగ్గదిలో పెట్టాను. రౌటర్ హాల్లో ఉంది కాబట్టి, ఇంటర్నెట్ అబ్బాయి ఎప్పుడో వదిలేసి వెళ్లిన పది మీటర్ల పాత వైరుని గోడ వెంట లాగాను. రాత్రి రెండింటికి డిస్కులు గరగరమన్నాయి. బియ్యం డబ్బాలో ఎలుక పడ్డట్టు. శబ్దం ఎన్ని డెసిబెల్సో షీటులో ఉంది, పద్నాలుగో కాలమ్. ఆ అంకె రాత్రి రెండింటికి ఎలా వినపడుతుందో మాత్రం రాయలేదు. తెల్లారేసరికి పెట్టె హాల్లో టీవీ కింద, రౌటర్ పక్కన ఉంది. పాత వైరు కూడా దానితోపాటే వచ్చి, చుట్ట చుట్టుకుని పడుకుంది.

ఇక కాపీ మొదలెట్టాను. అందరి ఫొటోలు, మా పెళ్లి వీడియో, మేనకోడలి ఓణీల ఫంక్షన్, అన్నీ కలిపి 600 జీబీ. నా లెక్క ప్రకారం గంటన్నర. కాఫీ తాగి వచ్చి చూస్తే సెకనుకి 11 మెగాబైట్లు. భోంచేసి చూసినా 11. నిద్రపోయి లేచినా 11. గంటన్నర పని పదిహేను గంటలు పట్టింది.

ఆ తర్వాత నెల రోజులు ఆ పదకొండు నా నెత్తిన కూర్చుంది. ప్రాసెసర్ని అనుమానించాను, ర్యామ్‌ని అనుమానించాను, రౌటర్ని మూడుసార్లు రీసెట్ చేస్తే మూడుసార్లూ అమ్మ సీరియల్ ఆగింది. చివరికి వాడి జన్మలో మొదటిసారి బావమరిదే పనికొచ్చాడు. పాత వైరు కొస ఎత్తి వెలుతుర్లో చూసి, "బావా, ఇందులో నాలుగు తీగలే ఉన్నాయేంటి?" అన్నాడు.

నిజమే. కనెక్టర్లో ఎనిమిది తీగలుండాల్సిన చోట నాలుగే బిగించి ఉన్నాయి. నాలుగు తీగలతో వంద మెగాబిట్లే వెళ్తాయి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర, దారి ఖర్చులు పోగా పదకొండు. ఇరవై కాలమ్‌లలో వైరుకి ఒక్క కాలమ్ పెట్టలేదు నేను.

అప్పుడు గుర్తొచ్చింది, పెట్టెతో వచ్చిన ఆ నీలం వైరు. ఇప్పుడు రౌటర్ పక్కనే ఉంది కాబట్టి గజంన్నర చాలు. సొరుగులన్నీ వెతికాను. అటక మీద వెతికాను. చివరికి నిలబడి అరిచాను, "నీలం వైరు ఎవరైనా చూశారా?"

"బాల్కనీలో ఉందిరా" అంది అమ్మ తాపీగా.

వెళ్లి చూస్తే, పెయింటు బకెట్లో వేసిన బీరపాదు గ్రిల్లు మీదకి పాకింది. దాని నడుముకి నా వైరు, రెండు చుట్లు తిప్పి గట్టిగా ముడేసి ఉంది. కనెక్టర్ క్లిప్పు కూడా పద్ధతిగా కమ్మీకి తగిలించింది. నులితీగ ఒకటి దాన్ని చుట్టేసుకుని అవతలికి పోతోంది. పసుప్పచ్చ పువ్వులు నాలుగు, కింద వేలెడంత పిందెలు రెండు.

నేను చెయ్యి పెట్టబోయాను.

"ముట్టుకోకు! ఇప్పుడు కదిపితే పిందె రాలిపోతుంది. కింద పడి ఉంటే పనికిరానిదనుకున్నాను. తాడు కంటే బావుంది, వానకి నానదు కూడా."

"రెండొందలు పెడితే కొత్త వైరు వస్తుంది కదండీ, ఆర్డరు పెట్టేయండి" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

సబబుగానే ఉంది. ల్యాప్‌టాప్ తెరిచాను. వైర్లలోనే ఎన్ని రకాలో: క్యాట్ 5ఈ, క్యాట్ 6, క్యాట్ 6ఏ, ఆపైన 7, 8. ఒకటి వంద మెగాహెర్ట్జ్, ఒకటి 250, ఇంకోటి 500. రాగి తీగా, రాగి పూత పూసిన అల్యూమినియమా? గుండ్రందా, చదునుదా? కవచం ఉన్నదా, లేనిదా? మాకు 5ఈ చాలు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ రేపు రెండున్నర గిగాబిట్ల రౌటర్ కొంటే? కొత్త షీటు తెరిచి మొదటి కాలమ్‌లో 'తీగల సంఖ్య' అని రాశాను.

అమ్మ వెనకనుంచి వచ్చి కళ్లజోడు సవరించుకుని ఆ షీటు కాసేపు చూసింది.

"తొందరేం లేదులే, నిదానంగా చూసుకో. ఈ లోపు కాయలు కోతకొస్తాయి, అదే విప్పి ఇచ్చేస్తాను."