నూటికి నూట నాలుగు

విజయనగరం జిల్లా చరిత్ర రాసేవాళ్లు 1757 నాటి బొబ్బిలి యుద్ధం దగ్గర మరీ ఎక్కువసేపు ఆగిపోతారు. ఇది అన్యాయం. ఆ జిల్లా సాధించిన అసలు విజయం 2020 ఏప్రిల్ 30న నమోదైంది. ఆ రోజు కేంద్ర ఆరోగ్య శాఖ కరోనా తీవ్రతను బట్టి దేశంలోని జిల్లాలన్నిటికీ రంగులు పంచింది. అప్పటి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో ఐదింటికి ఎరుపు, ఏడింటికి నారింజ పోగా, పచ్చరంగు దక్కింది ఒక్క కేసూ లేని విజయనగరానికే. కత్తి దుయ్యలేదు, ఫిరంగి పేలలేదు, ముఖ్యంగా ఈసారి ఫ్రెంచివాళ్ల సాయం కూడా తీసుకోలేదు. అయినా ఊళ్లో ఒక శిలాఫలకం లేదు.

శ్రీకాకుళం వాళ్లం నారింజలో ఉన్నాం. అంతకు కొద్ది రోజుల ముందు దాకా మాకూ సున్నాయే. ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో తొలి కేసులు బయటపడి ఆ సున్నా కాస్తా పోయింది. అది ఉన్నన్నాళ్లూ ఎందుకుందో మాకు స్పష్టంగా తెలుసు. చోడి (రాగి) అంబలి ఒక కారణం. ఎండుచేపలు ఇంకో కారణం. సాక్షాత్తు సూర్యనారాయణమూర్తి అరసవల్లిలో కాపురం ఉండగా వైరస్‌కు ఎండదెబ్బ తగలక మానదన్నది మూడోది. సున్నా పోయిన మర్నాడు ఈ మూడూ రద్దయి ఒకే ఒక్క కారణం మిగిలింది: బయటినుంచి వచ్చినవాళ్లు. మంచి అంకె మన మట్టిలో పండుతుంది, చెడ్డ అంకె రైలు దిగి వస్తుంది. ఇది మా రెండు జిల్లాల గణాంకశాస్త్రంలో మొదటి సూత్రం. ఇంతవరకూ దీన్ని ఎవరూ ఖండించలేదు.

విజయనగరం పచ్చదనం కూడా వారం తిరిగేసరికి వాడిపోయింది, అది వేరే సంగతి. కానీ పోటీ మొదలైంది. సాయంత్రం బులెటిన్ రాగానే విజయనగరంలో ఉండే మా బావ నుంచి ఫోన్ వచ్చేది.

"ఏటి బావా, ఇవాళ మీకెన్ని?"

"నూట పది."

"మాకు డెబ్భై రెండే."

"టెస్టులెన్ని చేశారు?"

"స్కోరు చెప్తుంటే పిచ్ గురించి అడుగుతావేటి?"

మా బావది న్యాయమైన వాదనే. కేసు అంటే జబ్బు చేసిన మనిషి కాదు, టెస్టులో దొరికిన మనిషి. టెస్టు చెయ్యకపోతే మనిషికి జ్వరం రావచ్చు, దగ్గు రావచ్చు, రుచీ వాసనా పోవచ్చు, కేసు మాత్రం రాదు. మొదట్లో మా ఉత్తరాంధ్రలో తీసిన శాంపిల్ జిల్లా దాటి వెళ్లి, ఎక్కడో ల్యాబ్‌లో తన వంతు కోసం కాచుకుని, ఫలితంగా మారి తిరిగొచ్చేది. ఆలోగా సగం మందికి తగ్గిపోయేది. తర్వాత అరగంటలో తేల్చేసే ర్యాపిడ్ కిట్లు వచ్చాయి. వాటికి దయాగుణం ఎక్కువ. ఒంట్లో వైరస్ కాస్త తక్కువగా ఉంటే చూసీచూడనట్టు వదిలేస్తాయి. కాబట్టి అంకె తగ్గాలంటే రెండు దారులు: ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ తగ్గించి ర్యాపిడ్ పెంచడం, లేదా ఆదివారం దాకా ఆగడం. ఆదివారం శాంపిళ్లు తక్కువ గనక సోమవారం బులెటిన్‌లో మహమ్మారి ఎప్పుడూ తగ్గుముఖం పట్టేది. మంగళవారం మళ్లీ విజృంభించేది. వారానికోసారి సెలవు తీసుకునే క్రమశిక్షణ గల వైరస్ అది.

వందమందికి పరీక్ష చేస్తే ఎంతమందికి పాజిటివ్ వచ్చిందో చూడండి, అది రెండు వారాలపాటు ఐదుకు లోపు ఉంటేనే ఊపిరి పీల్చుకోండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. ఆ అంకెను మా బావకు పంపించాను. "ఇందులో మన జిల్లా పేరు లేదే" అన్నాడు.

వెతికినవాడికే దొరుకుతుందన్న సంగతి పాపం కేరళకు ఆలస్యంగా తెలిసింది. 2021 జూలై చివర్లో దేశంలో రోజూ వచ్చే కొత్త కేసుల్లో దాదాపు సగం ఆ ఒక్క రాష్ట్రానివే. మా టీ బడ్డీ దగ్గర కేరళ మీద జాలి, ఎగతాళి సమపాళ్లలో నడిచాయి. సరిగ్గా అప్పుడే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రక్తపరీక్షల సర్వే ఫలితాలు బయటికొచ్చాయి. జూన్, జూలై నెలల్లో తీసిన నమూనాల్లో మధ్యప్రదేశ్ జనంలో 79 శాతం మందికి యాంటీబాడీలున్నాయి, అంటే ఒంట్లోకి వైరసో టీకాయో వచ్చి వెళ్లిన ఆనవాళ్లు. మన రాష్ట్రంలో 70.2 శాతం. కేరళలో 44.4 శాతం, సర్వే చేసిన రాష్ట్రాలన్నిటిలోకీ అదే తక్కువ. అంటే కేసుల పట్టికలో అందరికన్నా పైన ఉండి చెడ్డపేరు మోసిన రాష్ట్రమే జనాన్ని ఎక్కువగా కాపాడుకుంది. మన సంగతి చూద్దాం. అప్పటికి రాష్ట్రంలో నమోదైన కేసులు 19 లక్షల పైచిలుకు. ఐదు కోట్ల జనంలో అది సుమారు 4 శాతం. రక్తం మాత్రం 70 అంటోంది. అందులో టీకాల వల్ల వచ్చిన యాంటీబాడీలూ ఉన్నాయి, కాదనను. అవి తీసేసినా 4కీ 70కీ మధ్య మిగిలే జనం చిన్న గుంపేం కాదు. వాళ్లంతా ఏ బులెటిన్‌కూ భారం కాకుండా, ఏ కలెక్టరుకూ టెన్షన్ పెట్టకుండా, ఇంట్లోనే డోలో మింగి గండం గట్టెక్కిన దేశభక్తులు.

ఇక తూర్పు గోదావరి. అప్పట్లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు ఎక్కడంటే చిన్నపిల్లాడు కూడా ఆ పేరే చెప్పేవాడు. 2011 లెక్కల్లో ఆ జిల్లా జనాభా 51.5 లక్షలు, విజయనగరం 23.4 లక్షలు. ఒకే రోజు రెండు చోట్లా ఐదేసి వందల కేసులు వచ్చాయనుకోండి. లక్షమందికి లెక్కేస్తే అక్కడ పదికి లోపు, ఇక్కడ ఇరవై ఒకటి దాటుతుంది. ఈ భాగహారం ఐదో తరగతిది. ఐదో తరగతి పాసైన ఊళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి గనక దీన్ని ఇంతటితో వదిలేస్తున్నాను.

అసలు చిక్కు భాగించడంలో లేదు, కింద వేసే అంకెలో ఉంది. టీకాలు మొదలయ్యాక ఇది బాగా బయటపడింది. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలై, మార్చిలో 60 దాటినవాళ్లు, ఏప్రిల్‌లో 45 దాటినవాళ్లు, మే నుంచి 18 దాటినవాళ్లు. వేసిన డోసులు పై అంకె, జిల్లాలో ఉన్న పెద్దలు కింది అంకె. పై అంకె టీకాలు నమోదయ్యే పోర్టల్ కోవిన్‌లో సూది దిగిన మరుక్షణం మారేది. కింది అంకె కోసం 2011కు వెళ్లాలి, ఎందుకంటే 2021లో జరగాల్సిన జనగణన జరగనే లేదు. 2011లో 27 లక్షలున్న శ్రీకాకుళం పదేళ్ల తర్వాత ఎంతై ఉంటుందో అంచనా కట్టారు. అంచనా కట్టేవాళ్లకు మా జిల్లా స్వభావం తెలుసో తెలియదో. మా దగ్గర పుట్టిన వాళ్లందరూ ఇక్కడే ఉంటారనుకోవడం, సముద్రంలో చేప వేసిన చోటే ఉంటుందనుకోవడం లాంటిది.

సిక్కోలు మనిషి పుట్టేది ఇక్కడ, ఓటు ఇక్కడ, రేషన్ కార్డు ఇక్కడ. పని మాత్రం విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో. మత్స్యకారులైతే ఏకంగా గుజరాత్‌లోని వెరావల్‌లో పడవలెక్కుతారు. 2020 లాక్‌డౌన్‌లో వేలమంది అక్కడే చిక్కుబడిపోతే బస్సులు పెట్టి వెనక్కి తేవాల్సి వచ్చింది. అలాంటివాడు బెంగళూరులో పని దగ్గరే టీకా వేయించుకుంటే అతని డోసు ఆ ఊరి ఖాతాలో పడుతుంది. అతని తల మాత్రం శ్రీకాకుళం అంచనాలోనే కూర్చుని ఉంటుంది. చేతికి టీకా పడింది, తలకు పడలేదు. అలాంటి తలలన్నీ కలిసి మా జిల్లా శాతాన్ని కిందికి లాగుతాయి, "శ్రీకాకుళం జనంలో టీకాపై విముఖత" అని ఎవరో ఏసీ గదిలో కూర్చుని నిర్ధారిస్తారు.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. పాతపట్నానికీ ఒడిశాలోని పర్లాకిమిడికీ మధ్య సరిహద్దు రేఖ మ్యాప్‌లో కనిపించినంత బాగా రోడ్డు మీద కనిపించదు. పెళ్లిళ్లు అటూ ఇటూ, సంతలు అటూ ఇటూ. స్టాకు ఏ పక్క ఉంటే ఆ పక్క క్యూ కడతారు. కాబట్టి జనం బయటికి పోయి, పొరుగువాళ్లు లోపలికొచ్చి వేయించుకున్న ఊళ్లో మొదటి డోసు నూటికి నూట నాలుగు శాతం పూర్తయిందని తేలినా ఆశ్చర్యపోకూడదు. ఆ పైన నాలుగు ఎవరని ఆరా తియ్యడం అపచారం. గ్రామదేవత కూడా స్లాట్ బుక్ చేసుకుందేమో. వంద దాటిన శాతం విజయం కాదు, కింది అంకె తప్పని కాయితం మీద ఒప్పుకోవడం. కానీ ఆ కాయితానికే దండ వేస్తాం.

రెండో డోసు పోటీ మరీ ముచ్చటగా సాగింది. కొవాగ్జిన్‌కు రెండో సూది నాలుగు వారాలకే. కొవిషీల్డ్‌కు మొదట నాలుగు నుంచి ఆరు వారాలన్నారు, తర్వాత ఆరు నుంచి ఎనిమిదన్నారు, 2021 మే 13న పన్నెండు నుంచి పదహారన్నారు. అంటే కొవాగ్జిన్ సీసాలు ఎక్కువొచ్చిన చోట జనం ముందే చైతన్యవంతులైపోతారు. కొవిషీల్డ్ ఎక్కువొచ్చిన చోట అదే జనం మూడు నెలలపాటు నిర్లక్ష్యపరులుగా ఉండాల్సి వస్తుంది. రికార్డు రోజుల సంగతి సరేసరి. 2021 జూన్ 20న మన రాష్ట్రం ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది. సిబ్బంది నిజంగా కష్టపడ్డారు, అందులో వ్యంగ్యం లేదు. అయితే ఒక రోజు అంతెత్తు లేవాలంటే దాని ముందూ వెనకా రోజులు కాస్త వంగాలి. ఆ వంగిన రోజులకు ఫొటోలుండవు.

రెండో వేవ్ అయ్యాక మా టీ బడ్డీ పరిశోధన సంఘం ఇంకో పరమ సత్యం కనిపెట్టింది: "ఆస్పత్రిలో చేరినోళ్లలో సగం మంది టీకా వేసుకున్నోళ్లే. ఇక టీకా ఎందుకండీ?" ఒక ఊళ్లో వెయ్యిమంది పెద్దలున్నారనుకుందాం. తొమ్మిది వందలమంది వేసుకున్నారు, వందమంది వేసుకోలేదు. ఆస్పత్రికి వెళ్లినవాళ్లు పద్దెనిమిది మంది, అటు తొమ్మిది, ఇటు తొమ్మిది. సరిగ్గా సగం సగం. కానీ ఇటు వందలో తొమ్మిది, అటు వందలో ఒకటి. ఊరంతా వేసేసుకుంటే ఆస్పత్రిలో చేరినవాళ్లు నూటికి నూరుశాతం టీకా వేసుకున్నవాళ్లే అవుతారు, అప్పుడు సంఘం సభ్యులు ఏమంటారో వినాలని ఉంది. పైగా ముందు సూది ఎవరికి పడింది? 60 దాటినవాళ్లకు, షుగరూ బీపీ ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానం ప్రాంతంలో ఏళ్ల తరబడి కిడ్నీలతో అవస్థ పడుతున్నవాళ్లకు. ఆస్పత్రికి వెళ్లే అవకాశం ఎక్కువున్నవాళ్లనే ఏరి టీకా వేసి, వాళ్లలో కొందరు ఆస్పత్రికి వెళ్తే టీకాను బోనెక్కించాం. వయసు వారీగా విడదీసి చూడమని అడిగితే "మీరు డాక్టరా?" అన్నారు. కాదు.

మరణాల పట్టిక దగ్గర నాకు వేళాకోళం అంతగా రాదు. అదే ఉద్దానంలో కవిటిలోనో కంచిలిలోనో డయాలసిస్ మీదున్న మనిషికి కరోనా సోకి పోతే, కిడ్నీ జబ్బు అదనపు కారణమే, అసలు కారణం కరోనాయేనని ఐసీఎంఆర్ 2020లోనే మార్గదర్శకాల్లో రాసింది. రాసింది ఢిల్లీలో. చావు కాయితం నింపేది ఊళ్లో. 2021 జూన్‌లో బీహార్ పాత కాయితాలు మళ్లీ చూసుకుని ఒక్కరోజే దాదాపు 4 వేల మరణాలు కలుపుకుంది. ఆ వేలమంది ఆ రోజు చనిపోలేదు, ఆ రోజు లెక్కలోకొచ్చారు. కలుపుకున్న రాష్ట్రాన్ని అందరూ తిట్టారు. ఇంకా కలుపుకోనివాళ్లు మాత్రం తక్కువ మరణాల రేటు చూపించి మర్యాదగా తలెత్తుకు తిరిగారు.

మా జిల్లాల గణాంకశాస్త్రం శిఖరానికి చేరింది మాత్రం 2022 ఏప్రిల్ 4న. 13 జిల్లాలు 26 అయ్యాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు శ్రీకాకుళం వదిలి విజయనగరంలో కలిశాయి. పాలకొండ, సీతంపేట కొత్తగా ఏర్పడ్డ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. విజయనగరం నుంచి పార్వతీపురం, సాలూరు, కురుపాం కూడా అక్కడికే. రాజాంలో నులకమంచం మీద పడుకున్న పెద్దమనిషికి కరోనా వచ్చింది శ్రీకాకుళంలో, రెండు డోసులు పడ్డాయి శ్రీకాకుళంలో, బూస్టర్ పడింది విజయనగరంలో. మంచం అంగుళం జరగలేదు. ఇప్పుడు ఎవరైనా "విజయనగరంలో 2021తో పోలిస్తే..." అని వాక్యం మొదలుపెడితే, ఏ విజయనగరం అని అడగాలి. ఎవరూ అడగరు. గ్రాఫ్ గీత మాత్రం ఏ జంకూ లేకుండా ఒక జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి నడిచిపోతుంది.

పాలనాధికారులు గుర్తించారో లేదోగాని, ఇందులో అపారమైన అవకాశం ఉంది. ఒక జిల్లాలో టీకా సగటు 80 శాతం, పక్క జిల్లాలో 70, మధ్యలో ఒక మండలంలో 75 అనుకోండి. ఆ మండలాన్ని 80 జిల్లాలోంచి తీసి 70 జిల్లాలో కలపండి. తక్కువది పోయింది గనక మొదటి జిల్లా సగటు పెరుగుతుంది. ఎక్కువది వచ్చింది గనక రెండో జిల్లా సగటూ పెరుగుతుంది. ఒక్క సూది గుచ్చలేదు, ఒక్క ఐస్ బాక్స్ మొయ్యలేదు, ఇద్దరు కలెక్టర్లకూ అభినందనలు. నాలుగైదు మండలాలను ఏడాదికోసారి అటూ ఇటూ తిప్పుతుంటే ఉత్తరాంధ్ర ఆరోగ్యం ఎక్కడికి చేరుతుందో ఊహించండి.

ఇప్పుడు జనగణన వస్తోంది. తలల లెక్కింపు 2027 ఫిబ్రవరిలో, లెక్కకు ఆధారం మార్చి 1. చెన్నైలో కాపురమున్నవాణ్ని చెన్నైలోనే రాసుకుంటారు. అంటే ఇన్నాళ్లూ మా కింది అంకెలో ఊరకే కూర్చున్న తలలు లేచి వెళ్లిపోతాయి. 2021లో వేసిన డోసులు ఎక్కడివక్కడే ఉంటాయి. అంచనాలు తిరగరాసి పాత శాతాలు మళ్లీ కడితే, శ్రీకాకుళం ఆనాడే వంద దాటిపోయిందని తేలే అవకాశాలు పుష్కలం. మా బావకు ఈ విషయం చెప్పి, రాజాం వాళ్ల డోసులు మా ఖాతాలోనే ఉండాలని ముందే గట్టిగా మాట్లాడుకున్నాను. ఆయన ఒప్పుకోవడం లేదు. మనుషులు మావాళ్లైతే డోసులూ మావే అంటున్నాడు. ప్రభుత్వం తరఫున ప్రత్యేక ఏర్పాట్లేవీ అక్కర్లేదు. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు ఎలాగూ ఫిబ్రవరికి ముందే వెళ్లిపోతారు, కాకపోతే ఆర్టీసీ వాళ్లు తిరుగు బస్సులు కాస్త ఎక్కువ వేస్తే మంచిది.