అరవై దాటాక కుంచెకన్నా ముందు మట్టి పట్టండి

పదవీ విరమణ సభల్లో శాలువాతో పాటు ఈమధ్య ఇంకో బహుమతి కూడా కనబడుతోంది. మడత స్టాండు, 24 రంగుల ట్యూబులు, డజను కుంచెలు, నాలుగు కాన్వాసులు ఉన్న పెట్టె. "బొమ్మలంటే ఇష్టమనేవారుగా, ఇక తీరిగ్గా వేసుకోండి సార్" అంటూ చేతిలో పెడతారు. మొదటి కాన్వాసు మీద యూట్యూబు చూసి సూర్యాస్తమయం వేస్తారు. రెండోదాని మీద ఫొటో చూస్తూ మనవరాలి మొహం మొదలుపెడతారు. కళ్లు కుదరవు, ముక్కు అసలే కుదరదు. మూడోది ప్లాస్టిక్ కవరైనా విప్పకుండా బీరువా ఎక్కేస్తుంది. ఈ వయసులో మనకెందుకొస్తుందిలే అని వణికే చేతినో, మందగించిన చూపునో తిట్టుకుంటారు. చేతిదీ చూపుదీ కాదు తప్పు, మొదలుపెట్టిన వరసది. కుంచె రెండో మెట్టు. మొదటి మెట్టు మట్టి.

బల్లపరుపు కాగితం మీద గుండ్రటి ముక్కును చూపించాలంటే ఒకేసారి మూడు పనులు చేయాలి. ఆకారం అర్థం చేసుకోవాలి, దాన్ని వెలుగునీడల్లోకి మార్చాలి, ఆ వెలుగునీడలకు సరైన రంగు కలపాలి. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇది తప్పినా ఏమీ అనిపించదు. అరవై ఏళ్లుగా మంచి బొమ్మలు చూస్తూ వచ్చిన కంటికి మాత్రం తన చేతి తప్పు తక్షణం తెలిసిపోతుంది. మట్టిలో ఆ మూడింట్లో ఒక్కటే పని. ముక్కు ఎత్తు చాలకపోతే ఇంకొంచెం అద్దుతారు, ఎక్కువైతే బొటనవేలితో నొక్కుతారు. కళ్లు మూసుకుని తడిమినా తప్పెక్కడుందో వేళ్లకు తెలుస్తుంది.

చూపు తగ్గేకొద్దీ ఎడ్గార్ డేగా అనే ఫ్రెంచి చిత్రకారుడు ఎక్కువగా మైనం వైపు మళ్లాడు. 1917లో ఆయన పోయాక స్టూడియోలో సుమారు 150 మైనం, మట్టి బొమ్మలు దొరికాయి. వాటిలో చాలా భాగం చితికిపోయాయి. ఒక కారణం లోపలి ఊత. తర్వాతి కాలంలో ఎక్స్‌రే తీసి చూస్తే బొమ్మల పొట్టలో సీసా బిరడాలు, విరిగిన కుంచె కాడలు, చాలీచాలని తీగలు కనబడ్డాయి. అంతటివాడికే ఊత కుదరలేదు కాబట్టి మొదటి ఏడాది నిలువు బొమ్మల జోలికి పోకపోవడం మంచిది. పలక మీద ఉబ్బెత్తు శిల్పం చాలు. అది చిన్న పనేమీ కాదు. అమరావతి స్తూపం మీది సున్నపురాయి పలకల్లో చాలావరకు ఈ ఉబ్బెత్తు పనే. అక్కడి మ్యూజియంలోనో చెన్నై ఎగ్మోర్‌లోనో వాటి ముందు పక్కకు జరిగి నిలబడి చూడండి. నాలుగు వేళ్ల లోతులో ఎంత జనాన్ని పట్టించారో తెలుస్తుంది.

ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల గురించి చెప్పేటప్పుడు అందరూ రవీంద్రనాథ్ టాగోర్ పేరు ఎత్తుతారు. 1930 మేలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో మొదటి ప్రదర్శన జరిగేనాటికి ఆయనకు దాదాపు 69 ఏళ్లు. అయితే ఆయన సున్నా నుంచి మొదలుపెట్టలేదు. రాతప్రతుల్లో కొట్టివేతల్ని కలుపుకుంటూ పోతే అవే పక్షులు, జంతువులు, మొహాలు అయ్యాయి. అంటే అరవై ఏళ్లు కలం పట్టిన చేతికి అప్పటికే గీత మీద పట్టుంది. అమెరికాలో గ్రాండ్‌మా మోజెస్‌ది కూడా అలాంటి కథే. ఊలుతో బొమ్మలు కుట్టే ఆవిడ కీళ్లనొప్పులతో సూది పట్టలేక డెబ్బై అయిదు దాటాక కుంచె పట్టింది. న్యూయార్క్‌లో తొలి సొంత ప్రదర్శన 1940లో, 80వ ఏట. మన ఇళ్లలో ఈ లెక్క ఎవరూ వేయరు. నలభై ఏళ్లు వాకిట్లో ముగ్గు పెట్టిన ఆవిడ నడుం వంచి, భుజం నుంచి చెయ్యి కదిలిస్తూ చెరపకుండా ఒక్క ఊపులో గీత లాగుతుంది. డ్రాయింగ్ క్లాసులో ఏడాది పాటు నేర్పేది అదే. అలాంటి చేతికి గళ్లు కొట్టి ఫొటోను చూసి దించడం నేర్పే క్లాసులున్నాయి. డబ్బు దండగన్న మాట అటుంచి, ఉన్న విద్య పోతుంది.

ఇక మట్టి సంగతి. చెరువు మట్టి దొరికితే ఎండబెట్టి, దంచి, మూడు రోజులు నానబెట్టి, సన్న జల్లెడలో వడగట్టాలి. జల్లెడ పట్టకపోతే ఏమవుతుందో రాయలసీమ, తెలంగాణ నేలల్లో త్వరగా తెలుస్తుంది. మట్టిలో శనగబద్దంత సున్నపురాయి పలుకులుంటాయి. బొమ్మ కాలేటప్పుడు అవి పొడిసున్నమవుతాయి. తర్వాత గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బి, బాగా కాలిన బొమ్మ నుంచి వారం తర్వాత పెచ్చులు ఊడగొడతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలుకులు కలిసినా ఇదే గతి. అందుకే మట్టి పనీ ప్లాస్టర్ పనీ ఒకే బల్ల మీద చేయకూడదు. ఇంత ఓపిక లేకపోతే కుమ్మరుల దగ్గర సిద్ధంగా ఉన్న ముద్ద కొనడమే నయం. 20 సెంటీమీటర్ల చదరపు పలక, 2 సెంటీమీటర్ల మందం, సుమారు కిలోన్నర తూగుతుంది. మీద ఎత్తే బొమ్మతో కలిపి మూడు కిలోలు చాలు. పాతిక కిలోల బస్తా ఎత్తి నడుం పట్టించుకోవాల్సిన పని లేదు.

కుండ మట్టి సారె (కుమ్మరి చక్రం) మీదికి బాగుంటుంది గానీ బొమ్మకు మరీ మెత్తన. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు సన్నని ఇసుక కలపాలి. ఇసుక తడికి దారి ఇస్తుంది, కుదింపు తగ్గిస్తుంది. ఎంత కుదించుకుంటుందో ముందే చూడొచ్చు. కలిపిన మట్టితో ఒక పట్టీ చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీసి నీడన ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక ఆ దూరం 9 సెంటీమీటర్లకన్నా తగ్గితే ఇసుక చాలలేదన్నమాట.

వినాయక చవితికి ఇంట్లో మట్టి బొమ్మ చేసినవాళ్లందరికీ తొండం ఊడిన అనుభవం ఉంటుంది. అదెందుకో తెలిస్తే మట్టి పని సగం వచ్చినట్టే. పొట్ట, తల చేశాక చివర్న తొండం చేసి, కాస్త నీళ్లు రాసి అంటిస్తారు. అప్పటికి తల సగం ఆరింది, తొండం పచ్చిగా ఉంది. తొండం ఇంకా కుదించుకోవాలి, తల అప్పటికే కుదించుకుంది. రెండింటి మధ్య పగులు రాక తప్పదు. నీళ్లు జిగురు కావు. రెండువైపులా ఫోర్కుతో గాట్లు పెట్టి, అదే మట్టిని దోసెపిండిలా కలిపి గాట్లలో రాసి, అదిమి, సందుల్లో సన్నటి మట్టి తాడు వేసి వేలితో రాసేయాలి. కొందరు గట్టిగా ఉంటుందని తొండంలో అగ్గిపుల్లో చీపురుపుల్లో గుచ్చుతారు. అది ఇంకా చేటు. పుల్ల కుదించుకోదు, చుట్టూ ఉన్న మట్టి కుదించుకుంటుంది, పుల్ల పొడుగునా నెర్రె వస్తుంది. చేయాల్సిందల్లా రెండు ముక్కలూ ఒకే తడిలో ఉండేట్టు చూసుకోవడం. మధ్యలో పని ఆపితే తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ కవరు.

ఆరబెట్టడంలో మనవాళ్ల అలవాటు ఫ్యాను. ఫ్యాను గాలికి అంచులు ముందు ఆరతాయి, మధ్య పచ్చిగానే ఉంటుంది, మూలలు పైకి లేస్తాయి. మూడు రోజులు కవరు కప్పి ఉంచి, తర్వాత రోజుకు కొంత తెరుస్తూ పోవాలి. పలక కింద న్యూస్‌పేపరు వేస్తే కుదించుకునేటప్పుడు జారడానికి వీలుంటుంది. చెక్కకు అతుక్కుంటే మధ్యలో చీలుతుంది.

గోరు గుచ్చితే దిగకుండా గీత మాత్రం పడే దశలో పలక వెనక్కి తిప్పి, మందంగా ఉన్నచోట చెంచాతో తొలిచేయాలి. ఎక్కడా రెండున్నర సెంటీమీటర్లు మించకూడదు. లోపల గాలి ఉంటే ఆవంలో (కుమ్మరి బట్టీలో) పేలుతుందంటారు గానీ నిజంగా పేల్చేది తడి. నూరు డిగ్రీలు దాటగానే ఆవిరి బయటకు దారి లేక మట్టిని చీలుస్తుంది. తడి పోయిందో లేదో తేల్చుకోవడానికి బొమ్మను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా ఉంది. కాల్చడానికి దగ్గర్లో కుమ్మరి ఆవం ఉంటే కుండలతో పాటు ఒక మూలన పెట్టమని అడగొచ్చు. చల్లారకుండా తీయమని తొందరపెట్టకండి. ఇసుకలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా సైజు మారుతుంది, గబగబా చల్లారితే అక్కడే టప్పుమంటుంది.

అపార్ట్‌మెంటులో ఉంటాం, ఆవం ఎక్కణ్నుంచి తెస్తాం అనేవాళ్లకు కొండపల్లి వాళ్ల మక్కు ఉంది. చింతగింజల పిండిని ఉడికించి రంపపు పొట్టుతో కలిపిన ముద్ద అది. పొనికి చెక్క బొమ్మలకు చేతులు, తలపాగాలు అతికేది దానితోనే. చేర్యాల మాస్కులదీ దాదాపు ఇదే దారి. తేలిక, కాల్చక్కర్లేదు, ఆరాక రంగు పడుతుంది. వానాకాలంలో బూజు పడుతుంది, అదొక్కటే బెడద. పలచగా చేసి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి.

రాయి వద్దు. ఆళ్లగడ్డ, దుర్గి శిల్పుల పని చూసి ముచ్చటపడి బాల్కనీలో గ్రైండరు పెట్టి గ్రానైటు కోద్దామనుకునేవాళ్లుంటారు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోయింది మళ్లీ బయటకు రాదు. ఆ మాటకొస్తే ఎండిన మట్టి దుమ్మూ అంతే. బల్లను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. షుగరు ఉండి వేళ్లు, పాదాలు మొద్దుబారినవాళ్లు పని అయ్యాక చేతుల్ని వెలుతురులో ఒకసారి చూసుకోవాలి, మట్టి కోసే తీగ వేలు కోసిన సంగతి తెలియదు కాబట్టి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలో చెయ్యి ఉంచేయడం ఎవరికైనా ప్రమాదమే. గట్టిపడేటప్పుడు అది చర్మం కాలేంత వేడెక్కుతుంది.

రెండు మూడు పలకలయ్యాక అప్పుడు బీరువా మీది పెట్టె దించండి. ఏ బొమ్మ వేయాలన్న ప్రశ్న ఇక ఉండదు. మీరు చేసిన పలకే మీ మోడల్. ఫొటోకన్నా ఇది ఎందుకు మేలంటే, ఆ ముక్కు ఎంత ఎత్తో మీ వేళ్లకు ముందే తెలుసు. పలకను గోడకు ఆనించి, ఒకే దీపం పక్కనుంచి పడేట్టు పెట్టండి. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి, లేకపోతే నీడలు చెదిరిపోతాయి. మొదట బొగ్గుతో మూడే మూడు ఛాయల్లో గీయాలి. కళ్లు సగం మూసి చూస్తే ఆ మూడూ విడిపోయి కనబడతాయి.

ఇరవై నాలుగు ట్యూబుల్లో నాలుగు తీసుకుని మిగతావి మూసేయండి: అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, టైటానియం తెలుపు. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో పీబీ 29, పీబీఆర్ 7, పీవై 43 లేదా 42, పీడబ్ల్యూ 6 అని ఉంటే అది అసలు రంగే. పేరు పక్కన హ్యూ అని ఉంటే వేరే రంగులు కలిపి ఆ ఛాయ తెప్పించారన్నమాట. నల్ల ట్యూబు అక్కర్లేదు. నీలం, సియెన్నా సమంగా కలిపితే దాదాపు నలుపే వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లటి నీడ, సియెన్నా ఎక్కువైతే వెచ్చటి నీడ. కాలిన మట్టి రంగు కోసం పెద్దగా వెతకాల్సిన పనీ లేదు. మీ పలకను ఎర్రబరిచిందీ, సియెన్నా ట్యూబులో ఉన్నదీ ఒకటే, ఇనుము.

అక్రిలిక్ అయితే మన ఎండలకు, ఫ్యాను కింద అయిదు నిమిషాల్లో ప్లేటు మీదే ఎండిపోతుంది. వెడల్పాటి స్టీలు డబ్బాలో తడిపిన తువ్వాలు ముక్క పరిచి, దాని మీద బేకింగ్‌కి వాడే బటర్ పేపరు వేసి రంగులు అక్కడ పెట్టుకుంటే, మూత వేసినప్పుడు మర్నాటికీ మెత్తగానే ఉంటాయి. మూడో రోజుకు గుడ్డ ఉతక్కపోతే వాసనొస్తుంది. ఆయిల్ రంగులకు ఓపిక ఎక్కువ గానీ టర్పెంటైన్ వాసన మూసిన ఫ్లాట్‌లో ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పైది ముందు బిగిసి, కిందిది ఇంకా కదులుతూ ఉండి, బొమ్మ నెర్రెలిస్తుంది. అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. ఆరే క్రమంలో వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పారేయాలి.

కళ్లద్దాల గురించి ఎవరూ చెప్పరు. చదివే అద్దాలు 40 సెంటీమీటర్ల దూరానికి లెక్క, స్టాండు మీది కాన్వాసు 65 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. చదవడానికి ప్లస్ 2.5 అదనంగా పడేవారికి ఈ దూరానికి ప్లస్ 1.5 సరిపోతుంది. ప్రోగ్రెసివ్ అద్దాలతో వేస్తే గడ్డం పైకెత్తి కింది భాగంలోంచి చూడాల్సొస్తుంది, అరగంటకే మెడ పట్టేస్తుంది. టేపుతో దూరం కొలుచుకెళ్లి ఆ దూరానికే ఒక జత చేయించుకోవడం ఖరీదైన కుంచెల సెట్టుకన్నా మంచి ఖర్చు. పని చేసే బల్ల మీది బల్బు 4000 నుంచి 5000 కెల్విన్ల (వెలుగు రంగు లెక్క) మధ్య, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90కి పైన ఉన్నది చూసి కొనండి. పసుపు బల్బు కింద రాత్రి సరిపోయిన నీలం పొద్దున ఎబ్బెట్టుగా ఉంటుంది.

శుక్లాలు ముదురుతున్నప్పుడు కంటిలోనే పసుపు గాజు పెట్టినట్టవుతుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ మోనే 1923లో ఆపరేషన్ చేయించుకునే ముందటి ఏళ్లలో వేసిన తోట బొమ్మలు ఎరుపూ గోధుమరంగుల్లో మునిగిపోయి ఉంటాయి. ఆపరేషన్ దగ్గర పడుతోందంటే సగంలో ఉన్న బొమ్మకు రంగులు సరిదిద్దడం ఆపి, ఏ రంగు ఎన్ని పాళ్లు కలిపారో అట్ట వెనక పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. ఒక కంటికి అయ్యి రెండోదానికి కానప్పుడు తెల్ల కాగితాన్ని ఒక్కో కన్నూ మూసి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకటి పాత కాగితం, ఒకటి కొత్తది. రెండూ అయ్యాక అదే పలకను, అదే దీపం కింద, అవే నాలుగు ట్యూబులతో మళ్లీ వేసి పాతదాని పక్కన పెట్టండి. మొదటిదానిలో రంగులు ఎంత తేడాగా కలిపారో అప్పుడు కనబడుతుంది.