పారేసే చేతికి ఎన్ని సాకులు!

ప్లాస్టిక్ కాలుష్యానికి కళ్లెం వేస్తామని 2022 మార్చిలో నైరోబీలో మాట ఇచ్చిన ప్రపంచ దేశాలు 2024 చివర బుసాన్‌లో ఒకసారి, 2025 ఆగస్టులో జెనీవాలో మరోసారి ఒప్పందం లేకుండానే లేచిపోయాయి. ఉత్పత్తికే పరిమితి పెట్టాలన్న దేశాలు ఒక పక్క, చెత్త నిర్వహణతో సరిపెడదామన్న చమురు దేశాలు మరో పక్క. ఆ కథ పాఠకులకు తెలిసిందే. అంతకంటే ఎక్కువగా ఇవాళ మమ్మల్ని కలవరపెడుతున్నది, ఆ వైఫల్యాన్ని అడ్డం పెట్టుకుని చదువుకున్నవాళ్లు సైతం అలవోకగా అనేస్తున్న మాట: ‘అన్ని దేశాలూ కూర్చుని తేల్చలేనిది నా ఒక్కడి సంచితో తేలుతుందా?’

ఉత్పత్తిదారుల బాధ్యత పెద్దదన్నది నిజం. చట్టం లేకుండా ఇంటి అలవాట్లతోనే సముద్రాలు శుభ్రపడవన్నదీ నిజమే. ఆ మాట రాయడం ఈ పత్రిక మానదు. కానీ పెద్ద దొంగను చూపించి తన దొంగతనాన్ని మాఫీ చేయించుకోవాలని చూసేవాడి నోట ఆ నిజం వినబడితే ఒళ్లు మండుతుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, కంపెనీ వినియోగదారుణ్ని చూపిస్తుంది, వినియోగదారుడు ప్రభుత్వాన్ని చూపిస్తాడు, ప్రభుత్వం పక్క దేశాన్ని చూపిస్తుంది. ఈ వేళ్లన్నీ ఒకదానివైపు ఒకటి తిరిగి ఉండగా తాబేలు కడుపులోని సంచి అక్కడే ఉంటుంది.

2015 ఆగస్టులో కోస్టారికా తీరంలో పరిశోధకులు ఒక ఆలివ్ రిడ్లే తాబేలు ముక్కులో ఇరుక్కున్న వస్తువును పటకారుతో బయటికి లాగారు. మొదట పురుగు అనుకున్నారు. తీరా చూస్తే అది మనం పానీయం తాగి పారేసే ప్లాస్టిక్ స్ట్రా. ముక్కు నుంచి రక్తం కారుతుండగా ఆ ప్రాణి నోరు తెరిచి విలవిలలాడిన దృశ్యాన్ని కోట్ల మంది చూశారు, కంట తడి పెట్టుకున్నారు. ఆ జాలి అబద్ధమని మేమనం. కానీ కళ్లు తుడుచుకున్న చేయి మర్నాడు అదే స్ట్రాను అందుకుంది. ఈ రెండు పనులకూ మధ్య ఉన్న సంబంధం ఆ మనిషికి తట్టలేదంటే, తట్టకుండా ఉండేలా తనే చూసుకున్నాడని అర్థం. మా కోపం దీని మీదే. తెర మీద కనిపించే జంతువుకు మన గుండెలో చోటుంది. మన చెత్త చేరే చోట బతుకుతున్న జంతువు మాత్రం మన లెక్కలోనే లేదు.

‘ఒక్కటి’ అంటే ఎంతో తెలుసుకోవాలనుకునేవారికి ఒక లెక్క ఉంది. చనిపోయిన సముద్ర తాబేళ్ల వివరాలను వందల సంఖ్యలో పరిశీలించిన ఆస్ట్రేలియా పరిశోధకులు 2018లో దాన్ని వెల్లడించారు. ఒక్క ప్లాస్టిక్ ముక్క మింగినా దానివల్ల తాబేలు చనిపోయే అవకాశం 22 శాతం. 14 ముక్కలు మింగితే 50 శాతం. నీటిలో తేలాడే పలుచని సంచి తాబేలు కంటికి జెల్లీచేపలా కనిపిస్తుంది. ‘నా ఒక్కడి సంచి’ అంటున్నవారు ఆ 22 శాతాన్ని కాస్త నిదానంగా చదవాలి.

కంటిని మోసం చేయడంతో ఇది ఆగదు. సముద్రంలో సూక్ష్మమైన నాచును చిన్న జీవులు మేస్తున్నప్పుడు డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక వాయువు వెలువడుతుంది. పెట్రెల్ వంటి కొన్ని సముద్ర పక్షులకు ఆ వాసనే మేత ఉన్న చోటికి దారి. నీటిలో కొన్ని వారాలు నానిన ప్లాస్టిక్ మీద నాచు పట్టి అదే వాసన వస్తుందని 2016లో శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ వాసనను వెంబడించే జాతుల్లోనే ప్లాస్టిక్ మింగడం ఎక్కువగా కనబడింది కూడా. పక్షి అజాగ్రత్త వల్లనో, తెలివితక్కువతనం వల్లనో ప్లాస్టిక్ తింటోందనుకోవడానికి ఇక వీల్లేదు. లక్షల ఏళ్లుగా దాన్ని బతికించిన జ్ఞానమే ఇప్పుడు దాన్ని చంపుతోంది. పసిఫిక్ నడిబొడ్డున, ఏ ఖండానికైనా వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మిడ్‌వే దీవుల్లో ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షుల తల్లులు నోటి నుంచి నోటికి పిల్లలకు పెట్టేవాటిలో సీసా మూతలు, లైటర్లు ఉంటున్నాయి. చచ్చిన పిల్లల ఎముకల నడుమ ఆ రంగురంగుల ముక్కలు చెక్కుచెదరకుండా మిగులుతున్నాయి. 2019 మార్చిలో ఫిలిప్పీన్స్ తీరాన చనిపోయిన ఒక క్యూవియర్ తిమింగలం కడుపులో 40 కిలోల ప్లాస్టిక్ దొరికింది. దాదాపు మూడు కిలోమీటర్ల లోతుకు మునగగల జాతి అది. మనిషి అడుగు పెట్టలేని చోట మసలే ప్రాణిని మనిషి సంచి వెతుక్కుంటూ వెళ్లి చంపింది.

సముద్రం దూరం కదా అని ఊపిరి పీల్చుకునేవారు నేల మీది సంగతీ వినాలి. శ్రీలంకలోని అంపార జిల్లా పల్లక్కాడులో ఒక చెత్తకుప్ప ఉంది. అక్కడ ప్లాస్టిక్ తిని ఎనిమిదేళ్లలో దాదాపు 20 ఏనుగులు చనిపోయాయని 2022 జనవరిలో వార్తలు వచ్చాయి. శవపరీక్షల్లో పొట్టల నిండా అరగని ప్లాస్టిక్, ఆహారం చుట్టిన కాగితాలు కనబడ్డాయి. అంత పెద్ద జంతువు ప్లాస్టిక్‌కు ఆశపడి రాదు. మనం మిగిల్చి, సంచిలో వేసి, గట్టిగా ముడి బిగించి విసిరిన తిండి వాసనకు వస్తుంది. దానికి ముడి విప్పడం రాదు గనుక సంచితో సహా మింగుతుంది. తడి చెత్తను, పొడి చెత్తను వేరు చేయడం పారిశుద్ధ్య సిబ్బంది తలనొప్పి అని విసుక్కునే ఇంటివాళ్లకు ఆ ముడి ఎవరి వేళ్లు వేసిందో ఎవరు గుర్తు చేయాలి? 2019 ఫిబ్రవరిలో రష్యా ఉత్తర కొసన ఉన్న నోవయా జెమ్ల్యా దీవుల్లో 50కి పైగా ధ్రువపు ఎలుగుబంట్లు జనావాసాల దగ్గరికి చేరి చెత్తకుప్పను కెలుకుతుంటే అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. మంచు కరిగి వేట కరువైన జంతువును ఊరి వైపు లాగింది ఆ కుప్పే. మనిషి ఎంగిలికి అలవాటు పడిన అడవి జంతువు ఆఖరికి మనిషి చేతిలోనే చచ్చిన సందర్భాలు లెక్కలేనన్ని. తప్పు దానిదని మనమే తీర్పు రాసుకుంటాం.

అసలు ఆ ఎంగిలి అంతగా ఎందుకు మిగులుతోంది? ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచం వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్ల నుంచే వచ్చింది, కర్మాగారాల నుంచి కాదు. ఇక్కడ వేలెత్తి చూపడానికి ఏ చమురు దేశమూ లేదు. ముప్పులో ఉన్నాయని గుర్తించిన 28 వేల జాతుల్లో 24 వేల జాతులకు వ్యవసాయమే ప్రమాదమని 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక చెప్పింది. పళ్లెంలో వదిలేసిన ప్రతి ముద్ద వెనక ఎవరి గూడో కూల్చి దున్నిన నేల ఉంది. వండే ముందు ఇంట్లో ఏముందో చూసుకోవడం, తినగలిగినంతే వడ్డించుకోవడం, మిగిలినదాన్ని మర్నాటికి దాచుకోవడం... వీటికి జెనీవాలో ఎవరి సంతకం కావాలి?

రీసైక్లింగ్ పేరు చెప్పి తప్పించుకోవడం మరో రకం. నీలం డబ్బాలో వేశాం కాబట్టి మన పని అయిపోయిందని చాలామంది నమ్మకం. 2015 వరకు ప్రపంచంలో పోగుపడిన ప్లాస్టిక్ చెత్త సుమారు 630 కోట్ల టన్నులు. అందులో రీసైకిల్ అయినది దాదాపు 9 శాతం, కాల్చేసినది 12 శాతం. తక్కిన 79 శాతం కుప్పల్లోనో, నేల మీదో, నీళ్లలోనో పడి ఉంది. కొనకపోవడం మొదటి మాట, కొన్నదాన్ని పదేపదే వాడడం రెండో మాట, రీసైక్లింగ్ ఆ తర్వాతే. వరుసను తలకిందులు చేసి నిశ్చింతగా కొంటూ పోవడానికి ఆ డబ్బా మనకు పాపపరిహార పత్రం రాసివ్వదు.

చేయవలసినవాటిలో అరనిమిషం పట్టనివి ఉన్నాయి. సీసాల కట్టను పట్టి ఉంచే ప్లాస్టిక్ వలయాలను, మాస్కు తాళ్లను కత్తిరించి పారేస్తే ఏ పక్షి మెడకూ కాలికీ అవి ఉరి కావు. ఖాళీ డబ్బాను కడిగి మూత బిగిస్తే తిండికోసం తల దూర్చి ఇరుక్కుపోయే జంతువు ఒకటి తగ్గుతుంది. సరదాకు గాలం వేసేవారు తెగిన దారాన్ని చుట్టి వెంట తెచ్చుకోవచ్చు. సిగరెట్ పీక చివర ఉండే మెత్తని ఫిల్టర్ దూది కాదని, అది ఒక రకం ప్లాస్టిక్ అని తెలిసినవాడు దాన్ని కాలువలోకి విసరకూడదు. ఈ పనులు తెలియక చేయనివారి మీద మాకు ఫిర్యాదు లేదు. తెలిసీ ‘నా ఒక్కడి వల్ల ఏమవుతుంది’ అనేవారి మీదే.

ఏమవుతుందో చూపించిన చోట్లున్నాయి. 2002 మార్చిలో ఐర్లాండ్ ప్లాస్టిక్ సంచి మీద 15 సెంట్ల పన్ను వేసింది. అంతవరకు మనిషికి ఏడాదికి 328 సంచులు వాడుతున్న దేశంలో ఆ సంఖ్య 21కి పడిపోయింది. జనం ఇంటి నుంచి సంచి తెచ్చుకోవడం నేర్చుకున్నారు, అంతకంటే విడ్డూరమేమీ జరగలేదు. చట్టం చేసింది ప్రభుత్వమే, కానీ సంచి మోసుకొచ్చింది మనుషుల చేతులే. షికాగోలో మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ భవనం గాజు గోడలకు 2023 అక్టోబరులో ఒక్క రాత్రి దాదాపు వెయ్యి వలస పక్షులు గుద్దుకుని రాలిపోయాయి. లోపల వృథాగా వెలుగుతున్న దీపాలు చీకట్లో దారి వెతుక్కుంటున్న పక్షులను లాగాయి. మరుసటి ఏడాది పక్షుల కంటికి గాజు ఆనేలా అద్దాలకు చుక్కల పొర అంటించాక ఆ చావులు సుమారు 95 శాతం తగ్గాయి. వలస కాలంలో రాత్రిపూట అక్కర్లేని దీపం ఆర్పడానికి, తెర లాగడానికి ఇంటికైనా ఆఫీసుకైనా ఖర్చు లేదు, పైగా కరెంటు మిగులుతుంది.

ఇక ఈ కపటానికి పరాకాష్ఠ ఏటా జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినాన కనబడుతుంది. వేదిక మీద ప్రతి కుర్చీ ముందూ ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా. ఫ్లెక్సీ మీద తాబేలు బొమ్మ. ఆ ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే, సాయంత్రానికి చెత్తే. కొన్నిచోట్ల భూమిని కాపాడతామని పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించి, చప్పట్ల మధ్య బెలూన్లు గాలిలోకి వదులుతారు. బెలూన్ ముక్క మింగిన సముద్ర పక్షి చనిపోయే ముప్పు గట్టి ప్లాస్టిక్ ముక్క మింగినప్పటికంటే 32 రెట్లు ఎక్కువని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. అలాంటి వేడుకల ఫొటోలను వెనకాముందూ చూడకుండా అచ్చేసిన పాపంలో పత్రికలకూ వాటా ఉంది. మేము దాన్ని తప్పించుకోబోము.

పెద్దల ఒప్పందాలు కుదరలేదని చేతులు దులుపుకుంటున్నవారు ఆ పిల్లల వైపు ఒకసారి చూడాలి. నోటితో ప్రతిజ్ఞ చేసి చేత్తో బెలూన్ వదలవచ్చని, రెండింటికీ చప్పట్లు పడతాయని వాళ్లు ఇవాళ మన దగ్గరే నేర్చుకుంటున్నారు. పదిహేనేళ్ల తర్వాత వాళ్లే ఏదో ఒక సమావేశంలో దేశాల తరఫున కూర్చుని ఒట్టి చేతులతో లేచి వస్తే, అప్పుడు సంపాదకీయాలు చదివి వాళ్లను తిట్టుకోవడానికి మనకు ఏ మొహం ఉంటుంది?