సవరణ: కామర్స్‌బ్యాంక్ టవర్ ఎత్తు గురించి

నిన్న రాత్రి పోస్ట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ కామర్స్‌బ్యాంక్ టవర్ 300 మీటర్లు, యూరప్‌లో అదే టాప్ అని రాసేశా కదా, రెండూ తప్పే, పొద్దున్నే మా బావ ఫోన్ చేసి మరీ వాయించాడు. బిల్డింగ్ వరకు 259 మీటర్లే, పైన యాంటెన్నా కలిపితేనే 300. బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ పెట్టారని ఇంకో రెండు ఫ్లోర్లు పెరిగాయని చెప్పుకుంటామా ఏంటి! యూరప్‌లో టాప్ అన్నది కూడా 1997లో కట్టాక 2003 దాకానే, ఆ తర్వాత మాస్కోలో ట్రయంఫ్ ప్యాలెస్ దాటేసింది. అదే పోస్ట్‌లో రాసిన తోటల సంగతి మాత్రం కరెక్టే, టవర్ లోపల నాలుగేసి అంతస్తుల ఎత్తున తొమ్మిది తోటలున్నాయి, ఆఫీసులో కూర్చునేవాళ్లు కిటికీలు కూడా తెరుచుకోవచ్చు. మే నెలలో బెజవాడలో తెరవమనండి చూద్దాం.