గేర్ పడకపోతే గేర్‌బాక్స్ దించేయడమేనా?

పాత మాన్యువల్ కారులో గేర్ టైట్‌గా పడుతోందని ఎవరికైనా చెప్పి చూడండి. కనీసం ఒక్కసారి పెడల్ తొక్కి చూడకుండానే "క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, సెట్ మార్చాలి" అనేస్తారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ప్లేటు అరిగితే మామూలుగా క్లచ్ జారుతుంది, అంటే యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ రెయిజ్ అవుతుంది గానీ బండి లాగదు, ఎత్తు ఎక్కేటప్పుడు, పై గేర్లలో మరీ తెలుస్తుంది. గేర్ పడకపోవడం చాలాసార్లు దానికి పూర్తిగా ఉల్టా: పెడల్ చివరిదాకా తొక్కినా క్లచ్ వదలట్లేదు, అంటే ఇంజన్‌ని గేర్‌బాక్స్ నుంచి పూర్తిగా విడదీయట్లేదు. పట్టని రోగానికీ వదలని రోగానికీ ఒకే మందు రాస్తే ఎలా?

ముందు ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, క్లచ్ తొక్కి గేర్లన్నీ వేసి చూడండి. అప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక మొరాయిస్తే క్లచ్ వదలట్లేదనే అనుమానించాలి. ఆపినా అంతే గట్టిగా ఉంటే లివర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే కేబుళ్లు, లింకేజీ, అరిగిన బుష్‌లు చూడాలి. (ఆగిన బండిలో ఏదో ఒక గేర్ పళ్లు ఎదురెదురుపడి పడకపోవచ్చు, బండిని కాస్త కదిపితే పడుతుంది, దానికి టెన్షన్ వద్దు.)

తర్వాత రివర్స్. చాలా పాత బండ్లలో రివర్స్‌కి సింక్రో (గేర్ పడేముందు తిరిగే వేగాల్ని సరిపెట్టే రింగు) ఉండదు కాబట్టి అది ఏదీ దాచదు. ఐడిల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అంతసేపు ఆగినా కర్రుమంటే ప్లేటు లోపల ఇంకా తిరుగుతూనే ఉందన్నమాట.

అప్పుడైనా గేర్‌బాక్స్ మీద పడకండి, పెడల్ దగ్గర మొదలుపెట్టండి. కింద ఫ్లోర్ మ్యాట్ ముడతపడి పెడల్‌ని చివరిదాకా పోనివ్వట్లేదేమో చూడండి, నవ్వకండి, ఇది నిజంగా జరుగుతుంది. హైడ్రాలిక్ క్లచ్ (పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్ మోసే రకం) అయితే పెడల్‌ని టకటకా నాలుగుసార్లు కొట్టి వెంటనే గేర్ వేయండి. ఇప్పుడు పడిందా? అయితే లైన్‌లో గాలి చేరింది, లేదా సిలిండర్ సీలు పోయింది. ఇంకొకరిని పెడల్ తొక్కి పట్టుకోమని మీరు స్లేవ్ సిలిండర్ (ఆ ఫ్లూయిడ్ ఒత్తిడిని గేర్‌బాక్స్ దగ్గర అందుకునేది) దగ్గర చూడండి. పుష్‌రాడ్ బయటికి వచ్చి క్లచ్‌ని వదిలించే ఫోర్క్‌ని నెడుతుంది, అక్కడే నిలబడాలి. పెడల్ మీద కాలు కదలకపోయినా రాడ్ మెల్లగా వెనక్కి జారుతుంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ లోపలి సీలు ఫ్లూయిడ్‌ని వెనక్కి వదిలేస్తోంది. ఈ రకం లీకులో ఒక్క చుక్క కింద పడదు, రిజర్వాయర్‌లో లెవెల్ తగ్గదు, అందుకే "ఫ్లూయిడ్ ఫుల్‌గానే ఉంది కదా" అని అందరూ బోల్తా పడతారు. స్లేవ్ గేర్‌బాక్స్ లోపలే ఉండే మోడల్ అయితే ఈ చూసే సుఖం లేదు.

కేబుల్ క్లచ్ అయితే పోగులు తెగుతున్నాయేమో, ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యేముందు పెడల్‌లో ఉండే వదులు) ఎంత ఉందో చూడండి, ఎంత ఉండాలో మాన్యువల్‌లో రాసుంటుంది. గేర్ పడట్లేదని కేబుల్ బిగించేసి ఫ్రీ ప్లే మొత్తం తీసేసే మహానుభావులున్నారు. అప్పుడు క్లచ్‌ని నొక్కి వదిలించే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండి, బాగున్న ప్లేటు కూడా జారడం మొదలుపెడుతుంది.

సెట్ మార్చాక బాగైంది కదా అంటారు. అవుతుంది మరి! సెట్ మార్చినప్పుడు ఎలాగూ గాలి తీస్తారు, కేబుల్ సరిచేస్తారు. చాలాసార్లు పని చేసింది అదే, పేరు మాత్రం కొత్త ప్లేట్లకి. అసలు సీలు అలాగే ఉంటే కొన్నాళ్లకి మళ్లీ అదే పాట. ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

అన్ని గేర్లూ బాగుండి ఒక్క సెకండ్ గేరే కర్రుమంటే అది క్లచ్ గోల కాదు, ఆ గేర్ సింక్రో. డబుల్ క్లచ్ (న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేర్ వేయడం) చేస్తే మెత్తగా పడుతుందా, అనుమానం ఖాయం. పొద్దున్నే టైట్‌గా ఉండి బండి వేడెక్కాక సర్దుకుంటే ముందు గేర్ ఆయిల్ సంగతి చూడండి. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అడిగిన బాక్స్‌లో "పెద్ద నంబర్ కదా, ఇంకా మంచిది" అని జీఎల్-5 పోయించకండి. అది వేరే అవసరానికి చేసిన ఆయిల్, అందులోని కొన్ని రకాలు ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా బాక్స్ దించక తప్పకపోతే దించాల్సిందే. స్ప్లైన్ (ప్లేటు జరిగే షాఫ్ట్ మీది గాళ్లు) తుప్పుపట్టి ప్లేటు జరగకపోవచ్చు, క్లచ్ ప్లేటుని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ వేళ్లు వంగి ఉండొచ్చు, షాఫ్ట్ ముందు చివరని మోసే పైలట్ బేరింగ్ పట్టేసి ఉండొచ్చు. దించిన రోజే రిలీజ్ బేరింగ్, ఫోర్క్ కూడా చూపించమనండి, ఇంజన్ వెనక ఆయిల్ సీల్ చెమరుస్తుంటే అప్పుడే మార్పించండి. లేకపోతే ఆ ఆయిల్ కొత్త ప్లేటు మీద పడి, ఈసారి నిజంగానే జారుతుంది.