డాబా మీది నడక కిందికి దిగలేదు

2020 ఏప్రిల్‌లో సాయంత్రం ఐదున్నర దాటాక విజయనగరంలో ఏ డాబా ఎక్కినా నాలుగు పక్కలా నడిచేవాళ్లే కనిపించేవారు. కోట చుట్టూ, పెద్దచెరువు గట్టు మీద, అయోధ్య మైదానంలో పొద్దున్నే నడిచే అలవాటున్న మగవాళ్లకి మార్చి 25న మొదలైన కరోనా లాక్‌డౌన్‌తో ఆ దారులన్నీ మూసుకుపోయాయి కాబట్టి వాళ్లు పైకెక్కడంలో వింతేం లేదు. జిమ్ముకెళ్లే కుర్రాళ్లు ఇంట్లో బియ్యం బస్తాలు, నీళ్ల క్యాన్లు ఎత్తారు, ఆగస్టులో జిమ్ములు తెరవొచ్చన్నాక మళ్లీ అటే వెళ్లిపోయారు. మేం గుర్తుచేయాలనుకుంటున్నది ఆ పక్క డాబాల మీద నడిచిన ఆడవాళ్లని.

మా ఆఫీసు వెనక వీధిలో యాభై దాటిన ఒకావిడ ఉండేవారు. నైటీ మీద చున్నీ వేసుకుని, వడియాలు ఆరబెట్టిన పాత చీరని తొక్కకుండా పక్కకి జరుగుతూ, వాటర్ ట్యాంకు వెనకనుంచి తిరిగొచ్చేవారు. పిట్టగోడ మీద పది చింతగింజలు పెట్టుకునేవారు. ఒక రౌండు అవగానే ఒక గింజ ఇటునుంచి అటు, పదీ అయ్యాక మళ్లీ అటునుంచి ఇటు. డాబా చుట్టూ ఒకసారి తిరిగితే వంద అడుగుల (ఫీట్ల) దూరం అనుకున్నా, వంద రౌండ్లకి మూడు కిలోమీటర్లు. ఏప్రిల్ మొదట్లో ఇరవై రౌండ్లకే కూలబడిపోయే మనిషి మే నెలాఖరుకి వంద దాటించేశారు. షుగరుంది, రోజూ నడవమని డాక్టరు చెప్పి అప్పటికే ఆరేళ్లయిందట.

ఆ ఆరేళ్లూ ఎందుకు నడవలేదంటే ఇంట్లోవాళ్లు చెప్పే జవాబు ఒకటే, బద్ధకం. అది అబద్ధమని లాక్‌డౌన్ తేల్చేసింది. ఆ రోజుల్లో ఆడవాళ్లకి పనేమీ తగ్గలేదు, పైగా పెరిగింది. పనిమనిషి రాదు, ఇంటిల్లిపాదీ ఇంట్లోనే, మూడు పూటలా వంట. కానీ ఏడింటికల్లా క్యారేజీలు కట్టేయాలి, ఆటోవాడు హారన్ కొట్టేలోగా పిల్లల్ని వీధి చివరికి పంపాలి అన్న పరుగు ఆగింది. ఎవరి చూపూ పడని, కుక్కలు వెంటపడని చోటు ఒకటి సొంత ఇంటి మీదే దొరికింది. మే మొదటి వారం దాకా మన జిల్లాలో ఒక్క కరోనా కేసూ లేదు, ఆ కాస్త ధీమా కూడా పనికొచ్చింది.

అందరికీ ఇలా కుదిరిందని మేం అనడం లేదు. 187 దేశాల్లో జనం ఫోన్లలో నమోదైన అడుగుల్ని లెక్కేస్తే, డబ్ల్యూహెచ్‌ఓ కరోనాని మహమ్మారి అని ప్రకటించిన 2020 మార్చి 11 తర్వాత నెల రోజుల్లో సగటున 27 శాతం తగ్గిపోయాయి. మన ఊళ్లోనూ ఒక్క గది అద్దెకి తీసుకుని ఉన్నవాళ్లకి, మేడ తాళం ఓనరు దగ్గరే ఉండిపోయినవాళ్లకి నడిచే చోటే లేదు.

తర్వాత స్కూళ్లు తెరిచారు, చింతగింజలు పిట్టగోడ దిగిపోయాయి. 2021 మేలో మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టినప్పుడు డాబాలు మళ్లీ నిండుతాయనుకున్నాం, కానీ అప్పటికి ఏ ఇంట చూసినా దగ్గులు, బెడ్డు దొరుకుతుందా, ఆక్సిజన్ దొరుకుతుందా అన్న టెన్షన్, నడక సంగతి ఎవరికి గుర్తుంటుంది? అదే ఏడాది అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. కోవిడ్ వచ్చిన 48,440 మంది పెద్దవాళ్ల వివరాలు చూస్తే, వారానికి 150 నిమిషాలకి తగ్గకుండా వ్యాయామం చేసేవాళ్లకంటే అసలు కదలనివాళ్లు ఆసుపత్రి పాలవడమైనా, చనిపోవడమైనా రెండింతలకి పైగా ఎక్కువని తేలింది. అంతా వ్యాయామం వల్లే అని చెప్పేయలేం గానీ, తీసిపారేసే విషయం మాత్రం కాదు.

2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి చాలినంత కదలిక లేదని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో లెక్క చెప్పింది. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57. ఆ తేడా ఎక్కడిదో పొద్దున్న ఆరింటికి ఏ వంటింట్లోకి తొంగిచూసినా తెలిసిపోతుంది.

సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లేశ్వరిది పక్కనున్న శ్రీకాకుళం జిల్లా. ఆడపిల్లలు బరువులెత్తే కొండవెలగాడ మన పొలిమేరలోనే ఉంది. ఇలాంటి నేల మీద యాభై దాటిన ఆడమనిషి అరగంట నడవడానికి ఊరంతా తాళాలేసుకుని కూర్చోవాల్సి వచ్చిందంటే మాకు చాలా బాధగా ఉంది. మేం పెద్ద పెద్ద పార్కులు కట్టమనడం లేదు. ప్రతి వార్డులో ఒక్క ప్రభుత్వ బడి మైదానం గేటు పొద్దున్న ఐదు నుంచి ఏడు దాకా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉంచండి. నాలుగు లైట్లు, తాళం వేయని మరుగుదొడ్డి, ఒక కాపలా మనిషి, అంతే. ఇళ్లలో మగవాళ్లు కూడా వారానికి మూడు పొద్దులైనా ఆ క్యారేజీలేవో తామే కట్టాలి. లాక్‌డౌన్‌లో చాలామంది ఉల్లిపాయలు తరిగారు, టీ పెట్టారు, చేతకాదనడానికి లేదు.

ఆ చింతగింజలావిడ ఇప్పటికీ అదే ఇంట్లో ఉన్నారు. మొన్న అడిగితే, సాయంత్రం మనవణ్ని ట్యూషన్‌లో దింపి, వాడొచ్చేదాకా బడి గోడ బయట మెట్టు మీద గంటసేపు కూర్చుంటున్నానని చెప్పారు. గోడకి అవతల మైదానం ఖాళీగానే ఉంటుందట, గేటుకి తాళం.